మద్రాసు నుంచి హాలేకి: బెంజమిన్ షుల్జ్ ఇంటిదారి



మన సంఘాల్లో ప్రతి ఏడాదీ చూసే సంగతే ఇది. చలికాలం సెలవుల్లో ఒక చిన్న బృందం ఆంధ్రాకో తెలంగాణాకో పరిచర్యకు వెళ్తుంది. రెండు వారాలు పల్లెల్లో కూటాలు, పిల్లల కార్యక్రమాలు, అనాథాశ్రమంలో ఒక పూట భోజనం. తిరిగి వచ్చేటప్పుడు సూట్‌కేసులో ఆవకాయ, ఫోన్‌లో వెయ్యి ఫొటోలు, గొంతులో జలుబు. ఆదివారం సాక్ష్యం చెబుతారు, అందరూ చప్పట్లు కొడతారు. మూడో ఆదివారానికి ఎవరూ అడగరు. వెళ్ళివచ్చిన వారికి మాత్రం లోపల ఏదో మిగిలిపోతుంది. అక్కడ మొదలుపెట్టిన పని అక్కడే వదిలేశాను, ఇక్కడ దాన్ని పట్టించుకునే వారు లేరు, ఇప్పుడు నేనేం చేయాలి?

రెండు వారాలకే మనకు ఇలా ఉంటే, ఇరవై మూడేళ్ళు ఉండి తిరిగి వచ్చిన మనిషికి ఎలా ఉండాలి? అలాంటి మనిషి ఒకరున్నారు. పేరు బెంజమిన్ షుల్జ్. జర్మన్ దేశస్థుడు. బైబిలును మొట్టమొదట తెలుగులోకి తెచ్చిన వ్యక్తిగా మన వాళ్ళలో కొందరికి ఆ పేరు తెలుసు. మద్రాసులో ఆయన చేసిన పని గురించి అక్కడక్కడా రాశారు. నాకు మాత్రం ఆయన జీవితంలో చివరి 17 ఏళ్ళే ఎక్కువ ఆలోచన కలిగించాయి. ఆ 17 ఏళ్ళూ ఆయన ఇండియాలో లేరు, జర్మనీలో ఇంట్లో ఉన్నారు.

షుల్జ్ 1689లో బ్రాండెన్‌బుర్గ్ రాజ్యంలోని జొన్నెన్‌బుర్గ్ అనే చిన్న ఊళ్ళో పుట్టారు. ఇప్పుడు ఆ ఊరు పోలండ్‌లో ఉంది, పేరు కూడా మారి స్వొన్స్క్ అయింది. ఈ ఊరి పేరు గుర్తుపెట్టుకోండి, తరువాత మళ్ళీ వస్తుంది. చదువు హాలేలో. జాలే నది ఒడ్డున ఉన్న ఆ పట్టణంలో అప్పటికే ఆగస్ట్ హెర్మన్ ఫ్రాంకే అనే దైవజనుడు పెద్ద అనాథాశ్రమం కట్టించి, దాని చుట్టూ బడులు, మందుల దుకాణం, అచ్చుయంత్రశాల, పుస్తకాల అంగడి నడుపుతున్నారు. సంగీతం ఇష్టమున్న వారికి హాలే అనగానే హాండెల్ పుట్టిన ఊరని గుర్తొస్తుంది. ఇండియా క్రైస్తవులకు మాత్రం అది ఫ్రాంకే ఊరు. 1706లో తరంగంబాడిలో దిగిన జీగెన్‌బాల్గ్, ప్లూషౌ ఇద్దరికీ హాలేతోనే అనుబంధం. పంపించింది డెన్మార్క్ రాజు, మనుషుల్ని ఇచ్చి ప్రార్థనలతో నిలబెట్టింది హాలే.

షుల్జ్ 1719 సెప్టెంబరులో నికొలాస్ డాల్, కిస్టెన్‌మాహర్ అనే మరో ఇద్దరితో కలిసి తరంగంబాడి చేరారు. జీగెన్‌బాల్గ్ గారితో కలిసి పని చేద్దామని వచ్చిన ముగ్గురికీ అక్కడ ఆయన సమాధి కనిపించింది. ఆయన అదే ఏడాది ఫిబ్రవరిలో, ఇంకా 40 ఏళ్ళు నిండకుండానే పోయారు. ఆయన తోటి పనివాడు గ్రుండ్లర్ తరువాతి మార్చిలో పోయారు. కిస్టెన్‌మాహర్ కూడా ఎన్నాళ్ళో బతకలేదు. దేశం కొత్త, భాష కొత్త, పెద్దలు లేరు. మొత్తం భారం షుల్జ్ మీద పడింది.

జీగెన్‌బాల్గ్ తమిళ పాత నిబంధనను రూతు గ్రంథం వరకు తెచ్చి ఆగిపోయారు. మిగతాది షుల్జ్ పూర్తి చేశారు, 1728 నాటికి అది అచ్చయింది. ఇండియా భాషల్లో పూర్తిగా అచ్చయిన మొదటి బైబిలు అదే. అయితే నిజం చెప్పుకోవాలి. షుల్జ్ తమిళం చాలామందికి నచ్చలేదు. పని వేగంగా చేసేవారు, సరిదిద్దితే సహించేవారు కాదు. 1725లో కొత్తగా వచ్చిన మిషనరీలకూ ఆయనకూ పొసగలేదు. తరువాతి తరంలో ఫాబ్రిషియస్ ఆ తమిళ బైబిలును మళ్ళీ మొదటి నుంచి దిద్దాల్సి వచ్చింది, తమిళులు నెత్తిన పెట్టుకున్నది ఆ ఫాబ్రిషియస్ అనువాదాన్నే. మిషనరీల జీవిత చరిత్రల్లో ఇలాంటివి దాచిపెట్టి రాసేవారే ఎక్కువ. దాచడం వల్ల వాళ్ళకు ఒరిగేదేమీ లేదు, మనకూ లేదు.

ఆ పొసగకపోవడమే ఆయన్ని మనవైపు నడిపించింది. 1726లో షుల్జ్ తరంగంబాడి వదిలి మద్రాసు వచ్చారు. తొందర్లోనే లండన్‌లోని ఎస్.పి.సి.కె., అంటే క్రైస్తవ జ్ఞానాన్ని వ్యాపింపజేసే సంఘం, ఆయన పోషణ భారం తీసుకుంది. జర్మన్ లూథరన్ బోధకుడు, డెన్మార్క్ రాజు పంపిన మనిషి, ఇంగ్లీషు ఆంగ్లికన్ల డబ్బుతో తమిళ తెలుగు జనం మధ్య సేవ చేస్తున్నాడు. మన డయాస్పోరా సంఘాల్లో ఎవరు ఏ శాఖవారో అని గొడవపడేటప్పుడు నాకు ఇది గుర్తొస్తుంది.

అప్పటి చెన్నపట్నం తెలుగువారి ఊరు కూడా. ఇంగ్లీషువారికి ఆ స్థలం ఇప్పించింది దామెర్ల వెంకటాద్రి నాయకుడి కుటుంబం, చెన్నప్ప పేరు మీదనే ఊరికి ఆ పేరు. కోటకు ఉత్తరంగా ఉన్న నల్లవారి పట్నంలో తెలుగు వర్తకులు, నేతపనివారు, దుబాసీలు ఎక్కడ చూసినా ఉండేవారు. తమిళం ఒక్కటే వస్తే మద్రాసులో సగం మందితో మాట్లాడలేనని షుల్జ్‌కి వెంటనే అర్థమైంది. తెలుగు నేర్చుకున్నారు. ఆయన రాతల్లో మన భాష పేరు వరుగియన్ అని కనిపిస్తుంది. తమిళులు మనల్ని వడుగులు అంటారు కదా, అదే జర్మన్ చెవిలో పడి అలా తయారైంది. 1728 నాటికే లాటిన్ భాషలో తెలుగు వ్యాకరణం రాశారు. కొత్త నిబంధనను తెలుగులోకి మార్చారు, పాత నిబంధన 1732 నాటికి పూర్తి చేశారు. హీబ్రూ, గ్రీకు మూలాలు ఎదురుగా పెట్టుకుని, పక్కన తెలుగువారిని కూర్చోబెట్టుకుని, ఆరేడేళ్ళలో మొత్తం బైబిలు. తొందరపాటు మనిషే, ఒప్పుకుందాం. కానీ ఆ తొందర లేకపోతే ఆ కాలంలో ఆ పని ఎవరు మొదలుపెట్టేవారు?

ఇది అంతా రాతప్రతే. తరంగంబాడిలో తమిళ అక్షరాలతో అచ్చుయంత్రం ఉంది గానీ తెలుగు అక్షరాలు ప్రపంచంలో ఏ అచ్చుశాలలోనూ లేవు.

మద్రాసులో 16 ఏళ్ళు గడిచాయి. బడి, సంఘం, తమిళం, తెలుగు, పోర్చుగీసు, ఆ తరువాత హిందుస్తానీ కూడా. తోడుగా వచ్చిన జార్టోరియస్ లాంటి వారితో ఇక్కడా పొసగలేదు, జార్టోరియస్ కడలూరు వెళ్ళిపోయారు. ఒంటరితనం, ఎండ, వయసు. ఆరోగ్యం పాడైంది. 1742 చివర్లో ఫాబ్రిషియస్ మద్రాసు వచ్చి బాధ్యత తీసుకున్నారు. 1743 జనవరిలో షుల్జ్ ఓడ ఎక్కారు.

జనవరి అనడంలో ఒక అర్థం ఉంది. కోరమాండల్ తీరం నుంచి యూరప్ వెళ్ళే ఓడలు ఈశాన్య గాలి పట్టుకుని ఆ నెలల్లోనే బయలుదేరేవి. సూయజ్ కాలువ రావడానికి ఇంకా నూట ఇరవై ఏళ్ళకు పైగా ఉంది. సింహళం దాటి, హిందూ మహాసముద్రం అడ్డంగా కోసుకుని, ఆఫ్రికా కొసన గుడ్ హోప్ అగ్రాన్ని చుట్టి, అట్లాంటిక్ మీదుగా పైకి. నెలల తరబడి ప్రయాణం. ఉప్పు మాంసం, పురుగులు పట్టిన బిస్కెట్లు, చిగుళ్ళు వాచే జబ్బు. ఆ దారిలోనే ఎందరో పోయేవారు. అంతకు ముందు 1714లో జీగెన్‌బాల్గ్ ఇదే దారిన యూరప్ వెళ్ళారు. ఓడలో ఊరికే కూర్చోకుండా తమిళ వ్యాకరణం మీద పని చేశారు, అది 1716లో హాలేలో అచ్చయింది. ఆయన పెళ్ళి చేసుకుని, డబ్బు కూడగట్టుకుని, మళ్ళీ తరంగంబాడి వెళ్ళిపోయారు. ఆయన ఇంటికి వెళ్ళింది తిరిగి రావడానికే.

షుల్జ్ వెళ్ళింది తిరిగి రావడానికి కాదు. 54 ఏళ్ళ వయసు. హాలే చేరేసరికి ఆయన్ని పంపించిన ఫ్రాంకే లేరు, 1727లోనే ప్రభువు సన్నిధికి వెళ్ళిపోయారు. కుమారుడు గొట్‌హిల్ఫ్ ఆగస్ట్ ఫ్రాంకే ఆ సంస్థలు చూస్తున్నారు. తాను చదువుకున్న వీధులే, కాని అంతా కొత్త మొహాలు. మద్రాసులో రోజూ చెవిలో పడిన తెలుగు ఇక్కడ ఎవరి నోట వినపడుతుంది? విదేశంలో మన భాష మాట్లాడేవారు లేక గొంతు పట్టేసినట్టు ఉండే బాధ మనకు తెలియనిది కాదు. ఆయనది తిరగబడ్డ బాధ. సొంత దేశంలో పరాయి భాష కోసం బెంగ.

అయితే షుల్జ్ బెంగపడి కూర్చునే రకం కాదు. ఆ అనాథాశ్రమం ఆవరణలోనే ఉంటూ మళ్ళీ పని మొదలుపెట్టారు. 1745లో ఆయన హిందుస్తానీ వ్యాకరణం హాలేలో అచ్చయింది. ఆ భాషలో ఆయన చేసిన లేఖన భాగాలు కాలెన్‌బెర్గ్ అనే పండితుడి అచ్చుశాలలో బయటికి వచ్చాయి. కాలెన్‌బెర్గ్ అరబిక్ అక్షరాలు సిద్ధంగా పెట్టుకున్నారు కాబట్టి హిందుస్తానీకి దారి సులువైంది.

తెలుగుకి అలాంటి దారి లేదు. అక్షరాలు ఉంటేనే అచ్చు. కాబట్టి షుల్జ్ హాలేలో తెలుగు అక్షరాలు చేయించారు.

ఈ మాట తేలిగ్గా చెప్పేశాను గానీ, ఆ పని ఎలాంటిదో ఒక్కసారి ఆలోచించండి. ఆ రోజుల్లో ఒక్కో అక్షరం ఆకారాన్ని గట్టి ఉక్కు కడ్డీ కొసన తిరగేసి చెక్కాలి. దాన్ని రాగి ముక్క మీద కొడితే గుంట పడుతుంది. ఆ గుంటలో కరిగించిన సీసం పోస్తే ఒక అచ్చు అక్షరం వస్తుంది. జర్మన్ భాషకు పెద్దా చిన్నా అక్షరాలు, అంకెలు, చుక్కలు కలిపి వందకు అటూ ఇటూగా చాలు. తెలుగుకి? క ఉంది, కా ఉంది, కి, కీ, కు, కూ ఉన్నాయి. ప్రతి హల్లుకీ గుణింతం. కింద ఒత్తులు, పైన తలకట్లు, గుడులు, పక్కన కొమ్ములు. సీసం అక్షరాలను ఒక వరుసలో పేర్చడం అలవాటైన జర్మన్ అచ్చుపనివాడికి, కిందా పైనా పక్కనా వేలాడే ఈ లిపి చూస్తే కళ్ళు తిరిగి ఉంటాయి. చెక్కేవాడికి భాష రాదు, ఏ వంపు తప్పితే ఏ అక్షరం మారిపోతుందో తెలియదు. దగ్గర కూర్చుని చూపించవలసింది, తప్పుని తప్పు అని చెప్పవలసింది షుల్జ్ ఒక్కరే.

1746లో, 1747లో హాలే నుంచి చిన్న చిన్న తెలుగు పుస్తకాలు వచ్చాయి. ఒక చిన్న జ్ఞానోపదేశం, నూరు జ్ఞాన వచనాలు, క్రైస్తవ బోధను వివరించే ఒకటి రెండు చిన్న గ్రంథాలు. చేతిలో ఇమిడిపోయేంతవి. తెలుగు అచ్చు పుస్తకం చరిత్ర రాసేవారు ఎవరైనా ఇక్కడి నుంచే మొదలుపెడతారు. రాజమండ్రి కాదు, మచిలీపట్నం కాదు, మద్రాసు కూడా కాదు, జర్మనీలో హాలే. పండుగలప్పుడు తెలుగు సంఘాల వేదికల మీద మన భాష వైభవం గురించి ప్రసంగాలు చేస్తారు, ఈ ముక్క ఎవరూ చెప్పరు. తెలుగు మొదట అచ్చయిన చోటు ఒక అనాథాశ్రమం ఊరు, అచ్చయిన మొదటి విషయం సువార్త. జర్మనీలో ఉంటున్న తెలుగు విశ్వాసులకు ఇది చిన్న సంగతి కాదు.

ఆ పుస్తకాల్లో తెలుగు కావ్యభాష కాదు. మద్రాసు వీధుల్లో షుల్జ్ విన్న మాట. పండితులు చూసి ముక్కు విరిచే తెలుగు, తప్పులూ ఉన్నాయి. కానీ ఒక లాభం జరిగింది. 1750లో ఆయన హాలేలో మద్రాసు పట్నం గురించి ఇంగ్లీషులో ఒక పుస్తకం అచ్చు వేయించారు. 30 సంభాషణల రూపంలో ఆ ఊరిని, కట్టడాలను, జనాన్ని, వాళ్ళ అలవాట్లను వర్ణించే పుస్తకం. ఆ సంభాషణలు మొదట రాసింది తెలుగులో. మూడు వందల ఏళ్ళ నాడు మద్రాసు తెలుగువారు నిజంగా ఎలా మాట్లాడుకున్నారో తెలుసుకోవాలంటే భాషా పరిశోధకులకు షుల్జ్ రాతలు ఒక ఆధారం. జర్మనీలో కూర్చుని, మళ్ళీ ఎన్నడూ చూడలేని ఒక ఊరి గురించి 30 సంభాషణలు అచ్చు వేయించుకున్న ముసలాయన్ని తలచుకుంటే నాకు మన పెద్దవాళ్ళు గుర్తొస్తారు. ఇక్కడ కొడుకు ఇంట్లో హీటర్ పక్కన కూర్చుని ఊళ్ళో చెరువుగట్టు గురించి, సంత గురించి మళ్ళీ మళ్ళీ చెప్పే పెద్దవాళ్ళు.

చిన్న పుస్తకాలు వచ్చాయి సరే, మరి తెలుగు బైబిలు? ఆ రాతప్రతి హాలే చేరింది. అక్షరాలు ఉన్నాయి. అనువాదం చేసిన మనిషి అక్కడే ఉన్నారు. అయినా అది అచ్చుకాలేదు. ఆయన బతికి ఉండగా కాలేదు, తరువాతా కాలేదు.

అదే సమయంలో ఇండియాలో ఏం జరుగుతోందో కూడా చూడాలి. హాలేలో మొదటి తెలుగు పుస్తకం అచ్చయిన 1746లోనే, సెప్టెంబరులో, ఫ్రెంచివారు మద్రాసును పట్టుకున్నారు. షుల్జ్ కట్టిన సంఘం చెల్లాచెదురైంది. ఫాబ్రిషియస్ మిగిలిన వారిని తీసుకుని పులికాట్ వెళ్ళారు. 1749లో సంధి తరువాత గానీ మద్రాసు మళ్ళీ ఇంగ్లీషువారి చేతికి రాలేదు. ఉత్తరం వెళ్ళి జవాబు రావడానికి ఏడాదిన్నర పట్టే రోజులు. తాను విడిచి వచ్చిన మనుషులు బతికున్నారో లేదో తెలియకుండా, వాళ్ళ కోసం పుస్తకాలు అచ్చు వేయించడం. ఈ రోజు మన ఊరి పాస్టరు గారు వాట్సాప్‌లో రెండు రోజులు జవాబు ఇవ్వకపోతే మనం కంగారు పడతాం.

షుల్జ్ తమిళ బైబిలును కూడా హాలేలో మళ్ళీ అచ్చు వేయించాలని తలపెట్టారు. దానికి తమిళం చదివి తప్పులు దిద్దగలిగే చేతులు కావాలి. హాలే విద్యార్థుల్లో ఒకరిద్దరికి తమిళం నేర్పుదామని చూశారు. వారిలో ఒక కుర్రవాడు క్రిస్టియన్ ఫ్రీడ్రిష్ ష్వార్ట్జ్. 1726లో పుట్టిన వాడు, అంటే షుల్జ్ మద్రాసు చేరిన ఏడాదే. పుట్టిన ఊరు జొన్నెన్‌బుర్గ్. అవును, షుల్జ్ పుట్టిన ఊరే. తల్లి చనిపోతూ ఆ బిడ్డను దేవుని సేవకు అప్పగించిందని వాళ్ళింట్లో అందరికీ తెలుసు. కాని ఆ సేవ ఎక్కడ, ఏ రూపంలో అన్నది ఎవరికీ తెలియదు. హాలేకి చదువుకోవడానికి వచ్చాడు, అక్కడ సొంత ఊరి పెద్దాయన ఒకరు దూరదేశం నుంచి తిరిగి వచ్చి ఉన్నారు.

ఆ గదిలో ఏం జరిగి ఉంటుందో ఊహించుకోవచ్చు. తాటాకుల మీద రాసిన తమిళం, వేలితో చూపిస్తూ అక్షరాలు పలికించడం, మధ్యలో మద్రాసు కబుర్లు, ఎండ, వాన, మనుషులు. సహచరులతో పొసగని షుల్జ్, గొడవపడి ఊళ్ళు మారిన షుల్జ్, ఒక కుర్రవాడికి ఓపికగా అక్షరాలు దిద్దించారు.

తమిళ బైబిలు హాలేలో అచ్చుకాలేదు. ఆ ప్రయత్నం ఆగిపోయింది. పైకి చూస్తే షుల్జ్ ఖాతాలో ఇంకొక వైఫల్యం. కాని నేర్చుకున్న తమిళం ష్వార్ట్జ్ దగ్గర ఉండిపోయింది. ఇండియాకు వెళ్తావా అని అడిగినప్పుడు, తండ్రి అనుమతి తీసుకుని, ఒప్పుకున్నాడు. 1749లో కోపెన్‌హాగెన్‌లో అభిషేకం పొంది, 1750 జూలైలో తమిళ తీరంలో దిగాడు. కొత్తగా వచ్చే మిషనరీలకు భాష పట్టుబడటానికి ఏళ్ళు పట్టేది. ష్వార్ట్జ్ నాలుగు నెలల్లో, జీగెన్‌బాల్గ్ కట్టించిన తరంగంబాడి గుడిలో తమిళంలో ప్రసంగించాడు. అప్పటి నుంచి 1798లో తంజావూరులో కన్నుమూసే వరకు, 47 ఏళ్ళకు పైగా, ఒక్కసారి కూడా జర్మనీ వెళ్ళలేదు. తిరుచ్చి, తంజావూరు, తిరునెల్వేలి సంఘాల చరిత్ర ఆయన లేకుండా లేదు. రాజులు నమ్మిన మనిషి, తంజావూరు యువరాజు శరభోజికి తండ్రిలాంటి వాడు.

తమిళ క్రైస్తవులు ష్వార్ట్జ్ గురించి గర్వంగా చెప్పుకుంటారు, చెప్పుకోవాలి. తెలుగువాడిగా నాకు మాత్రం ఒక చిన్న కలుక్కు ఉంది. షుల్జ్ తిరిగి వచ్చి నాటిన విత్తనం తమిళనాట మొలిచింది. హాలేలో ఆయన దగ్గర తమిళం నేర్చుకున్న కుర్రవాడు దొరికాడు. తెలుగు నేర్చుకుని మన దేశానికి బయలుదేరిన కుర్రవాడు దొరకలేదు. 1805లో జార్జ్ క్రాన్, అగస్టస్ డేగ్రాంజ్ విశాఖపట్నంలో దిగేదాకా తెలుగు బైబిలు పని మళ్ళీ ఎవరూ చేపట్టలేదు. వాళ్ళిద్దరూ కొద్ది ఏళ్ళకే చనిపోయారు. వాళ్ళు తర్జుమా చేసిన సువార్తలు శ్రీరామపూర్‌లో అచ్చయ్యేసరికి 1812. షుల్జ్ పాత నిబంధన ముగించిన నాటి నుంచి లెక్కపెడితే 80 ఏళ్ళు. పూర్తి తెలుగు బైబిలు చేతికి వచ్చేసరికి 19వ శతాబ్దం సగం గడిచింది. ఆ మధ్యలో మన తాతముత్తాతల తరాలు ఎన్ని, వాక్యం చదవకుండానే పుట్టి, బతికి, పోయాయి! ఒక రాతప్రతి మాత్రం జర్మనీలో ఉంది.

గుంటూరు లూథరన్ కుటుంబాల నుంచి వచ్చిన వారికి ఫాదర్ హయ్యర్ గారి పేరు చెప్పనక్కర్లేదు. అమెరికా నుంచి వచ్చినా ఆయన పుట్టింది జర్మనీలోని హెల్మ్‌ష్టెట్‌లో, హాలేకి మరీ దూరం కాని ఊరు. ఆయన గుంటూరులో అడుగుపెట్టింది 1842 జూలై 31న. షుల్జ్ మద్రాసు రేవు వదిలి అప్పటికి 99 ఏళ్ళు దాటింది. ఆ హయ్యర్ గారు కూడా అమెరికా తిరిగి వెళ్ళారు, వెళ్ళాక 76 ఏళ్ళ వయసులో రాజమండ్రి పని వేరే మిషన్ చేతికి పోతుందని విని మళ్ళీ ఓడ ఎక్కారు. అది వేరే కథ, ఇంకో నెల రాసుకుందాం.

షుల్జ్ తెలుగు వ్యాకరణం సంగతి కూడా చెప్పాలి. 1728లో మద్రాసులో రాసినది, రాతప్రతిగానే ఉండిపోయింది. దాన్ని అచ్చు వేసింది హాలేలో, 1984లో. అప్పుడు హాలే తూర్పు జర్మనీలో, కమ్యూనిస్టు ప్రభుత్వం కింద ఉంది. దేవుడు లేడనే ప్రభుత్వం నడుస్తున్న రోజుల్లో, ఒక మిషనరీ తెలుగు వ్యాకరణం 256 ఏళ్ళ తరువాత వెలుగు చూసింది. ఇది చదివినప్పుడు నాకు నవ్వూ వచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి.

జర్మనీలో ఉన్నవారు, లేదా అటు వచ్చేవారు, ఒక శనివారం హాలే వెళ్ళిరండి. లైప్‌జిగ్ నుంచి రైలులో అరగంట. ఫ్రాంకే సంస్థల ఆవరణ ఇప్పటికీ ఉంది, యుద్ధంలోనూ ఆ తరువాత నిర్లక్ష్యంలోనూ దెబ్బతిన్నా చాలావరకు బాగుచేశారు. చెక్క దూలాలతో కట్టిన పొడవాటి భవనం, ఇంత పెద్దది యూరప్‌లోనే అరుదు. అనాథాశ్రమం పైఅంతస్తులో మిషనరీలు పంపిన వస్తువులు అద్దాల బీరువాల్లో ఉన్నాయి. భండారంలో ఇండియా నుంచి వచ్చిన ఉత్తరాలు, డైరీలు, తాటాకు ప్రతులు భద్రంగా ఉంచారు. 1710 నుంచి ఆ మిషనరీల ఉత్తరాలను హాలేలో పత్రికగా అచ్చువేసి జర్మనీ అంతటా పంచేవారు. మనం ఇప్పుడు చదువుకుంటున్న ఇలాంటి సంఘ పత్రికకు ముత్తాత లాంటిది అది. పిల్లల్ని కూడా తీసుకెళ్ళండి, తెలుగు అక్షరం మొదట అచ్చయిన ఊరు ఇదేనని చూపించండి. వాళ్ళకు చదవడం రాకపోయినా పరవాలేదు.

షుల్జ్ 1760 నవంబరు 25న హాలేలో కన్నుమూశారు. వయసు 71. ఆ రోజుకి ఆయన ఊరి కుర్రవాడు తమిళనాట సేవ మొదలుపెట్టి పదేళ్ళు దాటింది. ఫాబ్రిషియస్ మద్రాసులోనే ఉన్నారు, షుల్జ్ తమిళాన్ని ఒక్కో వాక్యం దిద్దుకుంటూ. తెలుగు బైబిలు ఇంకా చేతిరాతలోనే ఉంది.